తులసికీ చలి వేస్తుంది

జనగామ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం ముందుగా తీసికొంటున్నాను. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళయిందట. అత్తవారింట డాబామీది కోటలో తులసి వరుసగా రెండు పుష్యమాసాలూ నల్లబడి ఎండిపోయింది. "కోడలు కాలు పెట్టిన వేళ" అని వచ్చేపోయే వాళ్ళు గొణుగుతున్నారనీ, అత్తగారు పైకి ఏమీ అనకపోయినా ముఖం ముడుచుకొంటున్నారనీ, పూజలో తనవల్ల ఏదైనా లోపం జరుగుతున్నదా అనీ అడిగారు.

లోపం పూజలో లేదమ్మా. కోట పైన కప్పు లేకపోవడంలో ఉంది. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

తులసి వేడి దేశపు మొక్క. ఇటువంటి మొక్కలు చావడానికి మంచు గడ్డకట్టనక్కర లేదు. ఇంగ్లీషు తోటపని పుస్తకాలలో చలి అంటే నీరు గడ్డకట్టే చలి. మన వైపు అంతటి చలి రాదు. డిసెంబరు, జనవరి నెలల్లో చలిగాలి తిరిగిన రాత్రులు 10 డిగ్రీలకు అటూ ఇటూ దిగుతుంది, అంతే. ఆదిలాబాదు వైపు 5, 6 డిగ్రీల దాకా కూడా పోతుందనుకోండి. మనకు ఇంకొక దుప్పటి కప్పుకొంటే తీరిపోయే చలి తులసికీ, తమలపాకు తీగకూ, కనకాంబరానికీ గట్టి దెబ్బే.

ఎందుచేత? వంటింటి అలమరలో నూనె సీసాలు చూడండి. ఒకే చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వులనూనె పారుతూనే ఉంటుంది. ఆకులోని ప్రతి కణం చుట్టూ సన్నని కొవ్వు పొర ఒకటి ఉంటుంది. చలికి తట్టుకొనే మొక్కల్లో అది నువ్వులనూనె తీరు. వేడి దేశపు మొక్కల్లో కొబ్బరినూనె తీరు. చలికి ఆ పొర బిగుసుకొని, లోపలి రసం బయటికి ఊరుతుంది. మర్నాడు ఎండ తగిలేసరికి ఆకు నల్లబడుతుంది. పైగా చల్లబడిన మట్టిలో వేళ్ళు నీరు సరిగా పీల్చలేవు. తడిలో నిలబడి కూడా మొక్క దాహంతో వాడుతుంది. అది చూసి నీళ్ళు చాలలేదనుకొని మనం ఇంకొక చెంబు పోస్తాం. వేళ్ళు కుళ్ళడానికి ఆ చెంబే చాలు. చలికాలంలో చలికన్న నీళ్ళవల్ల చచ్చే మొక్కలే ఎక్కువని నా అభిప్రాయం.

ఇక కప్పు సంగతి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఆకుల్లోని వేడి నేరుగా పైకి పోతుంది. ఆకు చుట్టూ ఉన్న గాలికన్న 2, 3 డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఈ బాధ లేదు. వసారాలోని తులసి బతికి డాబామీది తులసి చావడంలో వింత ఇంతే. కావున చుట్టూ గోడలు కట్టినందువల్ల సగం ప్రయోజనమే, పైన కప్పాలి. కోటకు నాలుగు మూలలా పుల్లలు నిలిపి, ఆకులకు తగలకుండా, ఉతికిన పాత పంచె గాని చీర గాని సాయంత్రం దీపం పెట్టిన తరువాత కాస్త ఆగి కప్పండి. దీపాన్ని ఆ గుడ్డకు దూరంగా పెట్టాలి సుమా! తెల్లవారి ఎండ రాగానే తీసివేయాలి. ప్లాస్టిక్కు కాగితం వద్దు. దానికి అంటుకొన్న ఆకు మాడినట్లవుతుంది.

తెల్లవారుజామున డాబామీది ట్యాంకు నీళ్ళు పోయకండి. అవి మంచులా ఉంటాయి. అప్పుడే తోడిన బోరు నీళ్ళు నయం, గోరువెచ్చగా ఉంటాయి. పూజకు ఉద్ధరిణెడు చాలు. అసలు నీళ్ళు తొమ్మిది, పది గంటలకు, అదీ మట్టిలో వేలు పెట్టి చూసి పొడిగా తగిలితేనే. కంకులు వేస్తే తుంచివేయండి, గింజ పట్టేకొద్దీ మొక్క నీరసిస్తుంది. ఆదివారం తుంచరాదనే నియమం ఉన్నవారికి మిగతా ఆరు రోజులున్నాయి గదా. ఆ గింజలు దాచి, వేడి తిరిగాక ఫాల్గుణంలో చల్లితే మొలకలు వస్తాయి.

నల్లబడిన కొమ్మలను తొందరపడి కోయకండి. రథసప్తమి దాటేదాకా కత్తెర ముట్టవద్దు. అప్పుడు కాండం మీద గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. అక్కడి నుంచి చిగురిస్తుంది.

మహబూబాబాదు నుంచి వచ్చిన ఉత్తరం వేరు రకం. డిసెంబరులో వీధిలోకి వచ్చిన కడియం మొక్కల బండిలో ఆంథూరియం, అగ్లోనిమా కొన్నారట. పదిహేను రోజుల్లో ఆకుల మీద నూనె మరకల వంటి మచ్చలు వచ్చాయి. పాపం, బండివాణ్ణి తిట్టుకొన్నారు. అవి గోదావరి ఒడ్డున తేమగాలిలో, నీడ వలల కింద పెరిగిన మొక్కలు. వీటికి 15 డిగ్రీలకు దిగితేనే ఇబ్బంది. క్రోటన్లూ చలికి ఆకు రాలుస్తాయి. ఇటువంటివి కొనడానికి ఫాల్గుణమో, తొలకరో మంచిది. ఇప్పటికే కొని ఉంటే లోపలి గోడ వార, పగలు వెలుతురు వచ్చే కిటికీకి దగ్గరగా, నాలుగైదు కుండీలు గుంపుగా పెట్టండి. రాత్రి ఆ కిటికీ మూయండి. ఎరువు ఏమీ వేయకండి. మనీప్లాంటు కొంత ఓర్చుకొంటుంది. కరివేపాకు చలికి చిగురు మానేసి నిద్రపోతుంది, దాని జోలికి పోకండి. గులాబీ, చామంతి మటుకు ఈ చలికే కళకళలాడతాయి; వాటిని లోపల పెట్టడం శిక్ష.

భూపాలపల్లి నుంచి సింగరేణి క్వార్టర్లలోని ఒక గృహిణి, రాత్రి మొక్కలను లోపలికి చేర్చి తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెడితే ఎలా ఉంటుందని అడిగారు. వద్దమ్మా, వద్దు! మూసిన గదిలో నిప్పు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనుషుల ప్రాణం తీస్తుంది. మొక్క పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. నాలుగు గోడలూ కప్పూ ఉన్న గదిలో మొక్కలకు వేరే వెచ్చదనం అక్కరలేదు. దానికి బదులు వారానికొకసారి తడిగుడ్డతో ఆకుల మీది దుమ్ము తుడవండి. చలికాలపు కొద్దిపాటి వెలుతురు ఆకుకు అందుతుంది.