నాయన సంతకానికి ఒక లావు పెన్ను

మా నాయన పదో తరగతి దాకా చదివాడు. మిడుతూరులో మా వీధివాళ్లకి అర్జీ ఏది కావాలన్నా ఆయనే రాసిచ్చేవాడు. పోయినేడు చేతివణుకు మొదలైంది. సంతకం కలవట్లేదు, వేలిముద్ర వేయమన్నారట బ్యాంకులో. ఆయన వేయలేదు. డబ్బు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాడు.

హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే నాకు అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేతివణుకుకి డాక్టర్ మందులిచ్చాడు. నా చేతిలో ఉన్నది ఒక్కటే. వీకెండ్స్‌లో నేను చిన్న లేత్ మీద కర్ర పెన్నులు చేస్తుంటా. సన్న పెన్ను పట్టుకోవాలంటే వేళ్లు బిగించాలి, బిగిస్తే తొందరగా అలసిపోతాయి. లావు పెన్నయితే పట్టు తేలిక.

కర్ర ఇంట్లోనే దొరికింది. కొట్టంలో పడున్న జేజినాయన ఎద్దులబండి చక్రం. దాని ఆకు ఒకటి కోసుకొచ్చా. తుమ్మకర్ర, రాయిలా ఉంది.

లేత్ మీద పెన్ను మనకి కొత్తేం కాదు. రాజమండ్రి రత్నం పెన్నుల కథ 1930లలో, గాంధీజీ స్వదేశీ పిలుపుతో మొదలైంది. వాళ్లది ఎబొనైట్. ఏటికొప్పాక బొమ్మలదీ లేత్ పనే. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క అదిమితే, రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది.

ఆ వేడే నా కొంప ముంచింది. కర్రకి రంధ్రం వేసి, లోపల ఇత్తడి గొట్టం అంటించి, ఉలితో గుండ్రంగా చెక్కా. వేలు ఆనేచోట సన్న గాడి తీశా. జేజినాయన ఎద్దుల మెడలోని పాత మువ్వని ఆకురాయితో అరగదీసి, ఆ ఇత్తడి పొడిని గాడిలో నింపి, పైన సూపర్ గ్లూ చుక్కలు వేశా. ఆరాక తొందరపడి సాండ్‌పేపర్ గట్టిగా అదిమా. ఇత్తడి వేడెక్కింది, గ్లూ మెత్తబడింది, రింగు ఊడొచ్చింది.

రెండోసారి తాకించి తీయడం, తాకించి తీయడం. 150 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 600 దాకా. పేపర్ మార్చే ముందు ప్రతిసారీ లేత్ ఆపి, కర్ర పోగు వెంట నిలువుగా రుద్దాలి. లేదంటే గుండ్రటి గీతలు మిగిలిపోతాయి. ఇత్తడికన్నా కర్ర తొందరగా అరుగుతుంది కాబట్టి రింగు వెంట్రుకవాసి పైకి తేలింది. మామూలుగా అది తప్పే. ఈసారి అలాగే వదిలేశా. ఎక్కడ పట్టుకోవాలో వేలికి తెలుస్తుంది.

పైపూతగా సూపర్ గ్లూ వేస్తే అద్దంలా మెరుస్తుంది, కానీ చేతికి జారుతుంది. అందుకే అవిసె నూనె పల్చగా రుద్దా.

"ఇదేందిరా, రోకలి మాదిరుండాది?" అన్నాడు నాయన. కానీ ఆ సాయంత్రం పాత నోటుబుక్కులో రెండు పేజీల నిండా సంతకాలు చేశాడు.

వణుకు పోలేదు. సంతకం పాతదానితో కలవనూ లేదు. సోమవారం సెలవు పెట్టి బ్యాంకుకి నేనూ వెళ్లా. సంతకం మార్చుకునే ఫారం ఉంటుందని ఈసారి మేమే అడిగాం. కొత్త నమూనా సంతకం ఈ పెన్నుతోనే పెట్టాడు. కొంచెం వంకర, కానీ వేలిముద్ర కాదు.

నూనె పూత చేతి చెమటకి నిలవదు. కొన్ని నెలలకోసారి మళ్లీ రుద్దాలి. "నేను రుద్దుకుంటాలే" అన్నాడు. వద్దు, నేనే వస్తా అన్నా.