కుక్కపిల్లల వ్యాపారం.. లెక్క అంత సులువా?

జాబ్ వచ్చేలోపు ఏదైనా సైడ్ ఇన్‌కమ్ చూసుకుందాం అనుకుంటున్నారా? అయితే ఈ ఐడియా మీ చెవిన పడే ఉంటుంది. ఒక ఆడ లాబ్రడార్‌ను పెంచితే చాలు. ఈతకు ఎనిమిది పిల్లలు, ఒక్కోటి పది వేలు.. ఇంట్లో కూర్చుని ఎనభై వేలు!

నేనూ నమ్మాను. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో మా రూమ్మేట్ ఈ పని మొదలుపెట్టాడు. లెక్కలకు ఎక్సెల్ షీట్ చేసిచ్చింది నేనే. బయటి మగకుక్కకు డబ్బెందుకు దండగని, ఒకే ఈతలో పుట్టిన రెండింటికే క్రాసింగ్ చేయించాడు. ఆడదానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఏడు పిల్లలు పుట్టాయి. తిండి ఖర్చు కలిసొస్తుందని టీకాలు వేయించకుండా ముప్ఫై ఐదో రోజుకే అమ్మేశాం. వారం తిరక్కుండానే ఫోన్లు.. వాంతులు, రక్త విరేచనాలు. పార్వో వైరస్. నాలుగు చనిపోయాయి. ఒకావిడ డబ్బు వెనక్కి అడగనే లేదు. ‘మా పాప రెండ్రోజులుగా అన్నం తినట్లేదు బాబూ’ అంది. అంతే.

ఆ తర్వాతే రూల్స్ చదివాను. బ్రీడింగ్, అమ్మకాలపై 2017లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి. ఏడాదికి ఒక్క ఈతే. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మేం వీటిలో ఒక్కటీ పాటించలేదు.

ఇవేవీ ఊరికే పెట్టిన రూల్స్ కావు. ఎంత గట్టిగా కరవకూడదో పిల్ల నేర్చుకునేది తల్లి, తోబుట్టువుల దగ్గరే. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గే ఆ వారాల్లోనే టీకాలు మొదలవ్వాలి. తోబుట్టువులను కలిపితే ఇద్దరిలోనూ దాగి ఉన్న జన్యులోపం పిల్లల్లో బయటపడే ప్రమాదం పెరుగుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సమస్య వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే మంచి బ్రీడర్లు ముందు తల్లిదండ్రులకు ఎక్స్‌రే తీయిస్తారు. కొన్నవాళ్లు పెంచలేకపోతే పిల్లను వెనక్కి తీసుకుంటారు. ఎక్స్‌రేలు, టీకాలు, రెండు నెలల మేపు, అవసరమైతే సిజేరియన్.. ఇవన్నీ షీట్‌లో వేసి చూడండి. ‘ఈజీ మనీ’ ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

కుక్కలంటే ప్రాణమా? గ్రూమింగ్, ట్రైనింగ్ నేర్చుకోండి. వెటర్నరీ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరండి. కోడింగ్ వస్తే టీకాల తేదీలు గుర్తుచేసే యాప్ చేయండి, రెజ్యూమేలో ప్రాజెక్టుగానూ పనికొస్తుంది. పిల్లను కొనాలనుకుంటే మాత్రం తల్లిని, టీకా కార్డును, రిజిస్ట్రేషన్‌ను చూపించమనండి. కుదరదంటే ఆ గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేయండి.

మా రూమ్మేట్ నలుగురికీ డబ్బు తిరిగిచ్చేశాడు. రెండు కుక్కలకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి సొంతూరికి తీసుకెళ్లాడు. మళ్లీ ఆ షీట్ తెరవమని నన్ను అడగలేదు.