ఎండిన చెట్టు పనికిరానిదా?

పుష్యమాసంలో ఒకనాటి ఉదయం బందరు కాలువ గట్టు వెంట నడుస్తున్నాను. మన విజయవాడ వైపు గడ్డకట్టే చలి ఉండదు గాని, ఆ రోజుల్లో కాలువ మీద మంచు పొగలా పరుచుకుంటుంది. "టక్, టక్, టక్" మని చప్పుడు వినిపించింది. ఎండిపోయిన నిద్రగన్నేరు మోడు వెనుక నుండి వస్తోంది. కదలకుండా నిలబడ్డాను. కొంతసేపటికి ఒక వడ్రంగిపిట్ట మాను చుట్టూ పాకుతూ ఇవతలికి వచ్చింది. ఫొటో తీశాను.

ఇంటికి వచ్చి ఫొటోను పెద్దదిగా చేసి చూస్తే, కంటికి అందనివి ఎన్నో కనిపించాయి. వీపు బంగారు పసుపు. తల వెనుక ఎర్రని జుట్టు, నుదురు మాత్రం నలుపు మీద తెల్ల చుక్కలు. అంటే ఆడపక్షి! మగదానికి నుదుటి నుండే ఎరుపు. బిరుసైన తోకను మానుకు ఊతగా ఆనించింది. ఆ పైన గుండ్రని తొర్ర ఒకటి ఉంది.

వారం తరువాత వెళితే మోడు లేదు, మొదలు మాత్రమే మిగిలింది. "ఎండిన చెట్టే కదా మాస్టారూ!" అన్నారు పక్కనున్నవారు.

మీరూ అంతేనంటారా? నేను ఒప్పుకోను. ఎండిన మానులో చీమలు, పురుగులు చేరతాయి. అవి వడ్రంగిపిట్టకు ఆహారం. బూజు పట్టి మెత్తబడిన కలపను తొలవడం దానికి సులువు. రాత్రి అది తలదాచుకొనేది, గుడ్లు పెట్టేది తొర్రలోనే. అది విడిచిన తొర్రలో గోరువంకలో, చిన్న గుడ్లగూబలో కాపురం పెడతాయి.

2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఈ రెండూ చెట్ల తొర్రల్లో గుడ్లు పెట్టేవే. గట్టి మానును ఉలిలా చెక్కే ముక్కు వాటికి లేదు. పక్షికి బిరుదు ఇచ్చి, దాని ఇంటిని నరికివేస్తే ఏం లాభం?

బడి మీదకో, బాట మీదకో ఒరిగిన మోడును తీయవలసిందే. కొబ్బరి తోటలో కుళ్ళిన మోడులో కొమ్ముపురుగు పెరుగుతుంది గనుక రైతు దాన్ని తొలగించడమూ న్యాయమే. కాని ఎవరికీ అడ్డు లేని గట్టు మీది మోడు చేసిన తప్పేమిటి?

మీ ఊళ్ళో అలాంటి మోడు ఉంటే దూరం నుండే చూడండి. తొర్రలో చెయ్యి పెట్టవద్దు. ఫొటో తీస్తే తేదీ, చోటు నోటుబుక్కులో రాసుకోండి. ఎవరైనా గొడ్డలితో వస్తే ఆ ఫొటో చూపించి, "ఇందులో ఎవరో కాపురం ఉన్నారండీ" అని చెప్పండి. నా ఫొటో ఒక వారం ముందు పెద్దలకు చూపించి ఉంటే ఆ మోడు నిలిచేదేమో! నేను చేయని పని మీరు చేయండి.