నాచోకు ఎవరూ దానమివ్వలేదు

రియల్ మాడ్రిడ్ డిఫెండర్‌గా నాచో ఫెర్నాండెజ్‌కు ఆరు ఛాంపియన్స్ లీగ్ టైటిళ్లు ఉన్నాయనగానే ఒక మాట వినిపిస్తుంది: “ఆడిందెక్కడ? బెంచీ మీద కూర్చుని సంపాదించాడు.” ఇంకొందరు జాలిపడతారు. అంత ఆట చేతిలో ఉన్నవాడు మరో క్లబ్బుకు పోయుంటే ప్రతివారం ఆడేవాడు, రియల్ మాడ్రిడ్‌ను పట్టుకుని వేలాడి కెరీర్ పాడుచేసుకున్నాడని. ఎద్దేవా అయినా, జాలి అయినా, అడుగున ఉన్న లెక్క ఒకటే: మొదటి పదకొండుమందిలో పేరుంటేనే ఆటగాడు. ఈ లెక్క తప్పు. డిఫెండర్ విషయంలో మరీ తప్పు.

వాళ్ల మాటలో నిజమెంతో ముందే ఒప్పుకుంటాను. 2014, 2016, 2017, 2022 ఫైనళ్లలో నాచో మైదానంలోకి దిగలేదు. ఆరింటిలో ఆడినవి రెండే. కానీ ఆ కప్పు ఒక్క రాత్రిలో వచ్చేది కాదు, నెలల తరబడి గెలుస్తూ రావాలి. 2015 నవంబరులో సొంత మైదానం బెర్నబ్యూలో పారిస్ సాంజెర్మాతో మ్యాచ్. అరగంట దాటాక మార్సెలో గాయంతో బయటికెళ్లాడు, నాచో వచ్చాడు. వచ్చిన రెండు నిమిషాలకే, కీపర్ ముందుకొచ్చి ఖాళీ చేసిన గోల్‌లోకి ఇరుకు కోణం నుంచి బంతిని నేరుగా గాల్లోనే కొట్టాడు. మాడ్రిడ్ 1-0తో గెలిచింది.

2018 కీవ్ ఫైనల్ చూడండి. 37వ నిమిషంలో రైట్ బ్యాక్ కార్వహాల్ గాయంతో, కన్నీళ్లతో వెళ్లిపోయాడు. ఆ చోట్లోకి నాచో దిగాడు. దాడి చేసేవాడు ఆలస్యంగా దిగితే పెద్ద నష్టం లేదు: నాలుగు పరుగులు వృథా అయినా ఐదోది గోల్ అయితే చాలు. డిఫెండర్‌కు ఆ వెసులుబాటు లేదు. పక్కనున్న వాడెక్కడ నిలబడ్డాడు, ఆఫ్‌సైడ్ గీత ఎక్కడుంది, ఎదుటి వింగర్ ఎటు తిరుగుతాడు, అన్నీ మొదటి నిమిషంలోనే తెలియాలి. మొదటి పొరపాటే గోల్ కావచ్చు. నాచో ఈ పని సెంటర్ బ్యాక్‌గా చేశాడు, రైట్ బ్యాక్‌గా చేశాడు, లెఫ్ట్ బ్యాక్‌గానూ చేశాడు. క్రికెట్ చూస్తూ పెరిగిన మన ఇళ్లలో బెంచీ అంటే నీళ్లు మోసే పన్నెండో మనిషి గుర్తొస్తాడు. ఫుట్‌బాల్‌లో బెంచీ అది కాదు.

ఇంకో సంగతి ఈ విమర్శకులు ఎన్నడూ తూకంలో వేయరు. పన్నెండేళ్ల వయసులో నాచోకు టైప్ 1 డయాబెటిస్ బయటపడింది. ఫుట్‌బాల్ ఇక కుదరదని ఒక డాక్టరు చెప్పారు. మరో డాక్టరు ఆడాల్సిందేనన్నారు. రక్తంలో చక్కెరను తిండి, ఇన్సులిన్, పరుగు మూడూ కదిలిస్తాయి. ఆదివారం రాత్రి తొంభై నిమిషాలు ఆడతానని ఖాయంగా తెలిసినవాడు దానికి తగ్గట్టు సిద్ధం కావచ్చు. తొంభై నిమిషాలా, పదిహేనా, సున్నానా అన్నది ఎవరి గాయం మీదో ఆధారపడిన మనిషి ఏం లెక్క వేసుకోవాలి? ఏళ్ల తరబడి ఆ తెలియనితనంతోనే సర్దుకుంటూ పిలిచిన ప్రతిసారీ సిద్ధంగా ఉండటాన్ని “కూర్చోవడం” అనడానికి నాకైతే నోరు రాదు.

పైగా అంకెలు కూడా వాళ్ల వైపు లేవు. మొదటి జట్టుకు 364 మ్యాచ్‌లు. 2011 ఏప్రిల్‌లో కోచ్ మొరీన్యో వాలెన్సియా మీద మొదటిసారి ఆడించినప్పటి నుంచి 2024 దాకా ఏటా సగటున 28 దాకా వస్తాయి. మధ్యలో దిగినవీ అందులో ఉన్నాయి, సరే. అయినా రామోస్, వరాన్, పెపే లాంటి సెంటర్ బ్యాక్‌లు ఉన్న చోట అన్ని మ్యాచ్‌లు ఎవరూ దయతో ఇవ్వరు. 2021లో లివర్‌పూల్‌తో క్వార్టర్ ఫైనల్‌కు రామోస్, వరాన్ ఇద్దరూ లేరు. మిలితావ్, నాచో జంట రెండు మ్యాచ్‌లకు కలిపి ఒక్క గోలే ఇచ్చింది.

2023-24లో ఆయనే కెప్టెన్. జిరోనాలో ఎదుటి జట్టు ఆటగాడు పోర్తు మీద చేసిన మొరటు ట్యాకిల్‌కు రెడ్ కార్డ్ చూశాడు. అది సమర్థించేది కాదు. ఆ సీజన్‌లోనే తోటి డిఫెండర్లు మిలితావ్, అలాబా ఇద్దరి మోకాళ్లూ దెబ్బతిన్నాయి. ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ మైదానంలో చువామెనీ సస్పెన్షన్‌లో ఉండగా నాచో సెంటర్ బ్యాక్‌గా నిలబడ్డాడు. 120 నిమిషాల ముట్టడి తర్వాత షూటౌట్‌లో నాలుగో పెనాల్టీ కొట్టింది కూడా ఆయనే. బంతి వలలో పడింది. ఆ ఒంటరి నడకలో ఏ బెంచీ ఆయన్ను దాచిందో చెప్పమనండి.

ఎదగాలంటే పోవాలి అనే వాదన నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పిస్తుంది. కార్వహాల్ లెవర్కూసెన్ పోయి తిరిగొచ్చాడు, అది ఆయన దారి. పోయినవాడిదే ఆశయం, ఉన్నవాడిది భయం అని ఎవరు తేల్చారు? నాచో 2001లో పదకొండేళ్ల పిల్లవాడిగా అకాడమీలో చేరాడు. 2024 జూన్ 1న వెంబ్లీ ఫైనల్‌లో డార్ట్‌మండ్ మొదటి సగమంతా తరుముకొచ్చినా గోల్ ఇవ్వని వెనుక వరుసలో ఆడాడు. 2-0తో గెలిచాక కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. మాడ్రిడ్ పాతతరం ఆటగాడు హెంతోకు తప్ప అంతవరకూ ఎవరికీ లేని ఆరో టైటిల్‌ను మోద్రిచ్, క్రూస్, కార్వహాల్‌లతో పాటు అందుకున్నాడు. సౌదీలోని అల్ ఖాద్సియా పిలుపందుకుని వెళ్లింది ఆ తర్వాతే, ముప్పై నాలుగేళ్ల వయసులో.