ఢిల్లీ లేఖ: పార్లమెంటు వీధి ఖాతా, పల్లె సంఘం

దేశ విభజన అనంతరం పంజాబీ శరణార్థులకై వెలసిన ఓల్డ్ రాజిందర్ నగర్ నేడు సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువకుల స్థావరం. గత ఆదివారం అక్కడొక ఇరుకు గదిలో ముగ్గురు తెలుగు విద్యార్థులు కలసి ప్రార్థన చేసుకొంటుండగా చూశాను. ఒకరిది ఒంగోలు బాప్టిస్టు సంఘం, మరొకరిది గుంటూరు లూథరన్ సంఘం, మూడవ యువకునిది డోర్నకల్ సి.ఎస్.ఐ. "ఊళ్లో అయితే ముందు మీది ఏ మిషన్ అంటారు సార్. ఇక్కడ అద్దె ఎంత అంటారు" అన్నాడొకడు.

ఈ గోడలు మనవారు కట్టుకొన్నవి కావు. విదేశీ మిషన్లు తమతో తెచ్చినవి. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆ సంగతిని తొలినాళ్లలోనే గ్రహించారు. 1905లో సెరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిన వారిలో ఆయన ఒకరు. భారతీయుల ధనంతో, భారతీయుల నాయకత్వాన నడచిన ఆ సంస్థ తనకంటూ వేరొక శాఖను నెలకొల్పుకొనరాదని నియమం పెట్టుకొన్నది. 1919లో తరంగంబాడి సమావేశంలో ఆయన పూనిక వహించిన ఐక్యతా యత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. అప్పటికి ఆయన లేరు. తెలుగునాట బాప్టిస్టులు, లూథరన్లు వెలుపలనే ఉండిపోయినా, 1964లో రాజమండ్రిలో ఉమ్మడి వేదాంత కళాశాలకు చేతులు కలిపారు.

డోర్నకల్ యువకుడు నన్ను సూటిగా అడిగాడు: "మా ఊరి హాస్టలుకు వచ్చే సాయం ఎందుకు ఆగింది సార్?"

సమాధానం 2020 సెప్టెంబరులో ఉన్నది. ప్రతిపక్షం బహిష్కరించిన రాజ్యసభలో విదేశీ విరాళాల సవరణ బిల్లు గట్టెక్కింది. విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదలాయించరాదు. పరిపాలనా వ్యయం 50 శాతం నుండి 20 శాతానికి తగ్గాలి. విరాళం ఏ మూలకు చేరవలసినదైనా, ముందుగా ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ఖాతాలోనే పడాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది.

లెక్క చెప్పని సొమ్మును ప్రభుత్వం ప్రశ్నించవలసినదే. దాతలకు పంపే ఛాయాచిత్రాల కొరకే సభలు జరిపి, స్థానిక పాస్టరుగారిని పక్కకు నెట్టే సంస్థలు లేకపోలేదు. చిత్రమేమంటే, సొంత సిబ్బందితో సొంత భవనాలు నడుపుకొనే అటువంటి వాటిని బదలాయింపు నిషేధం పెద్దగా తాకలేదు. ఏ శాఖదని చూడక, ఊరి సంఘం చేతికే సాయమందించిన సంస్థలనే అది కట్టడి చేసింది. అజరయ్య కోరిన పద్ధతి దేనికి దగ్గరో పాఠకులు గ్రహించగలరు.

హాస్టలు మూతపడిందా అని అడిగాను. లేదట. కోతకాల పండుగ కానుకగా వచ్చిన ధాన్యంతో పాస్టరుగారు ఇద్దరు పిల్లలను చదివిస్తున్నారు. మునుపు పదకొండుగురు ఉండేవారట.