రెండు నిమిషాల సినిమా, ఇరవై కర్రలు

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో ఒక దొంగను పట్టుకున్నాం. తీరా చూస్తే అతను దొంగ కాడు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థి. రాత్రి పది దాటాక ముఖానికి తువాలు చుట్టుకుని, భుజాన గోనెసంచి వేసుకుని పాత రైసుమిల్లు వెనుక సందులో నడిచిపోతున్నాడు. సందు చివర అతని స్నేహితులు ముగ్గురు సెల్‌ఫోనుతో సినిమా తీస్తున్నారు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. గేదెకు గడ్డి వేయడానికి లేచిన ఒక ఇల్లాలు చూసి కేక పెట్టింది. అయిదు నిమిషాల్లో ఇరవై మందిమి కర్రలతో, టార్చిలైట్లతో పోగయ్యాం. పోగయ్యారు అని రాయడం లేదు. వారిలో నేనూ ఉన్నాను.

"బాబాయ్, నేను..." అంటూ ఆ అబ్బాయి తండ్రి పేరు చెప్పేలోగానే నాలుగు దెబ్బలు పడ్డాయి. మోచేయి వాచింది. ఫోను ఎవరి కాలికిందో పడి అద్దం పగిలింది. సంచి విప్పి చూస్తే ఎండుగడ్డి. ఊరి పేరు, పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్లకు చదువుంది, మాకు సిగ్గుంది.

దొంగకు గ్రామస్తులు దేహశుద్ధి చేశారని తరచు చదువుతుంటాం. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వదంతులు పాకినప్పుడు ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి దేహశుద్ధులే జరిగాయి. దారిన పోయే వారిని, బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేని వారిని పట్టుకుని కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. మా అబ్బాయి ఊరివాడు గనక, బాబాయ్ అని పిలవడానికి అక్కడ మనుషులున్నారు గనక బయటపడ్డాడు. పొరుగూరి పిల్లవాడైతే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తోంది.

ఆనాటి నుంచి ఊళ్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. చదువుకోమని కాలేజీకి పంపితే ఈ వేషాలేమిటన్నది ఒకటి. ఇకమీదట ఊళ్లో ఎవరూ సినిమాలు తీయకూడదని పంచాయతీలో తీర్మానం చేయాలన్నది రెండోది. రెండూ సబబు కాదని నా అభిప్రాయం.

ముందు చదువు సంగతి. ఆ కుర్రాళ్లు తీస్తున్నది పూర్తి సినిమా కాదు. ఒక థ్రిల్లరు చిత్రానికి తొలిఘట్టం, అంటే పేర్లు పడేటప్పుడు వచ్చే మొదటి రెండు నిమిషాలు మాత్రమే. ఇది పనిలేని పని అనుకునేవారికి ఒక విషయం చెప్పాలి. ఇంగ్లాండులో ఓసీఆర్ అనే పరీక్షామండలి 2008లో మొదలుపెట్టిన మీడియా పాఠ్యప్రణాళికలో పదహారు, పదిహేడేళ్ల విద్యార్థులకు సరిగ్గా ఈ పనినే పరీక్షగా పెట్టింది. ఒక కొత్త సినిమాకు పేర్లు, తొలిఘట్టం తీసుకురావాలి. రెండు నిమిషాలు మించకూడదు. బొమ్మ, మాట అన్నీ సొంతంగా తీసినవే అయి ఉండాలి. అక్కడి పిల్లల్లో చాలామంది థ్రిల్లరునే ఎంచుకునేవారు. అక్కడ మార్కులు తెచ్చిన పని ఇక్కడ కర్రదెబ్బలు తెచ్చింది. మన దేశంలోనూ విధు వినోద్ చోప్రా పుణె ఫిల్ము ఇన్‌స్టిట్యూటు విద్యార్థిగా 1976లో తీసిన 'మర్డర్ ఎట్ మంకీ హిల్' ఈ తరహా చిత్రమే.

పోతే, మా కుర్రాళ్లు తీసింది ఎలా ఉంది? మర్నాడు పగిలిన అద్దంలోంచే చూపించారు. నిజం చెప్పాలంటే తువాలు కట్టుకున్న మనిషి నడిచే భాగం నాకేమీ భయం కలిగించలేదు. అలాంటి మనిషిని వందసార్లు చూశాం. ప్లాస్టిక్ కత్తి మెరిసే భాగం చూస్తే నవ్వొచ్చింది. కాని మధ్యలో ఒక ముక్క ఉంది, ఎనిమిది సెకండ్లు ఉంటుందేమో. కొట్టంలో బల్బు వెలుగుతోంది. గేదె నెమరు వేస్తోంది. ఉన్నట్టుండి నెమరు ఆపి, తల తిప్పి చీకటి వైపు చూసింది. అంతే. ఎవరూ కనిపించలేదు. నా ఒంటి మీద రోమాలు లేచాయి. కొట్టంలో ఒంటరిగా పడుకున్న రైతు ఎవరినడిగినా చెబుతాడు, పశువు అలా తల తిప్పితే మన గుండె ఎలా ఆగుతుందో. ఆ ముక్క కావాలని తీసింది కాదట, పొరపాటున పడిందట! తీసేద్దామనుకున్నారట కూడా.

అదీ నేను చెప్పదలచుకున్నది. తొలిఘట్టం పని చంపడం కాదు, అడగడం. ఎవరక్కడ, ఏమైంది, తరువాతేమిటి అని చూసేవాడి చేత అడిగించాలి. 1960లో వచ్చిన హిచ్‌కాక్ 'సైకో' చూడండి. పేర్లు పడేటప్పుడు గీతలు అటూ ఇటూ పరుగెత్తుతాయి, వయొలిన్లు కోస్తున్నట్టు మోగుతాయి. ఆ తరువాత పట్టపగలు ఒక నగరం, తెర మీద ఊరి పేరు, తేదీ, గంట, నిమిషం. కెమెరా మెల్లగా సగం మూసిన ఒక కిటికీలోంచి గదిలోకి దూరుతుంది. కత్తి లేదు, నెత్తురు లేదు. మొదటి హత్య జరగడానికి ఇంకా సుమారు ముప్పావు గంట ఉంటుంది. అయినా తప్పేదో జరగబోతోందని ఆ కిటికీ దగ్గరే తెలిసిపోతుంది. 1975 నాటి 'జాస్'లో సొరచేప బొమ్మ సముద్రపు నీటిలో మాటిమాటికీ చెడిపోయేది. దాంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే భయపెట్టవలసి వచ్చింది. గంట దాటితే గాని అది సరిగ్గా కనిపించదు. మొదటి ఘట్టంలో ఈతకు దిగిన అమ్మాయిని నీటి కింద ఏదో లాగుతుంది, ఏమిటో చూపరు. కోట్లు పెట్టి చేయించిన బొమ్మ పనిచేయకపోవడం ఆ సినిమాకు మేలు చేసింది. మన కుర్రాళ్ల దగ్గర కోట్లు లేవు, బొమ్మా లేదు. దాపరికం మాత్రం ఊరికే దొరుకుతుంది.

డబ్బు లేదని బాధపడేవారికి ఇంకొక ఉదాహరణ. క్రిస్టొఫర్ నోలన్ మొదటి పెద్ద చిత్రం 'ఫాలోయింగ్' 1998లో వచ్చింది. స్నేహితులే నటులు. అందరికీ ఉద్యోగాలుండడంతో శనివారాలు మాత్రమే తీస్తూ ఏడాదిపాటు లాగారు. ఖర్చు సుమారు ఆరు వేల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ఫిల్ముకే పోయింది. ఫిల్ము వృథా కాకూడదని ముందే నాటకంలాగా సాధన చేసి ఒకటి రెండు సార్లలో ముగించేవారు. సెల్‌ఫోనులో ఫిల్ము ఖర్చు లేదు గనక మన పిల్లలు ఆ సాధన మానేశారు. ఒకే సందులో పద్నాలుగు సార్లు నడిచారట. పద్నాలుగోసారి దొరికిపోయారు.

ఇంతకీ అర్ధరాత్రి తీయవలసిన అవసరమే లేదు. పొద్దు కుంకిన తరువాత ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది, మనిషి నల్లని నీడగా కనిపిస్తాడు. తెర మీద అది రాత్రిలాగే ఉంటుంది, ఫోనుకూ ఆ వెలుతురు చాలుతుంది. నడిరాత్రి తీస్తే తెరంతా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. పైగా అసురసంధ్య వేళ ఊరు మేలుకునే ఉంటుంది, ఎవరి పిల్లలో అందరికీ కనబడుతుంది. మరొకటి, ట్యూబులైటు కింద తీస్తే నల్లచారలు పాకుతున్నాయని వాపోయారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. ఆ దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు గాని ఫోను పట్టేస్తుంది. షట్టరును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో బిగిస్తే చారలు పోతాయి. ఇది మా ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే ఆయన చెప్పాడు. ఆయన్నే ముందు అడిగి ఉంటే రెండు రాత్రులు కలిసొచ్చేవి. శబ్దం మాత్రం నడిరాత్రి విడిగా పట్టుకోవచ్చు. ఎండుగడ్డి మీద అడుగు, తొట్టిలో నీటి చుక్క, చిమటలు. వీటికి ముసుగు వేసుకోనక్కర్లేదు, ఎవరినీ భయపెట్టనక్కర్లేదు.

కుర్రాళ్ల తప్పు లేదనడం లేదు. తీసే చోటు చుట్టుపక్కల నాలుగిళ్లకు ముందు చెప్పాలి, సర్పంచికి ఒక కాగితం ఇవ్వాలి, పోలీసు స్టేషనులో ఒక మాట వేయాలి. పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకోవాలి. పోలీసు దుస్తులు వేసుకుని రోడ్డు మీద తిరిగితే అది సినిమా అని ఎదుటివాడికెలా తెలుస్తుంది? రైలు పట్టాలంటే ఈ థ్రిల్లరు వారికి మహా మోజు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం, ప్రాణాపాయం సరేసరి. నూతిలో ఆడపిల్ల శవం తేలినట్టు తీద్దామని వాళ్ల మొదటి ఆలోచనట. ఆ నూతి పక్కింట్లో ఏం జరిగిందో వాళ్లకు తెలియదు, వాళ్లు పుట్టకముందు సంగతి. ఊరివాళ్లను అడిగి ఉంటే ఎవరో ఒకరు వద్దని చెప్పేవారు. చివరికి ఎందుకో మానుకున్నారు, బతికించారు.

కాని పంచాయతీ తీర్మానం దేనికి? పెళ్లి వీడియోలకు లేని అభ్యంతరం వీటికెందుకు? తీర్మానమే చేయాలనుకుంటే, అనుమానం వచ్చినవాడిని ముందు పేరడగాలని, కొట్టకుండా కూర్చోబెట్టి పోలీసులకు ఫోను చేయాలని చేద్దాం. దాని మీద మొదటి సంతకం నాది.

వచ్చే ఆదివారం సాయంత్రం పిల్లలు మళ్లీ తీస్తారు. కొట్టం మాదే ఇస్తానన్నాను. కేక పెట్టిన ఇల్లాలికి వాళ్లే వెళ్లి చెప్పారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, తన కేక ఫోనులో పడిందా అని. పడింది, అద్దం పగిలినా శబ్దం చెడలేదు. దాన్ని వాడుకుంటామని అడిగితే, "వాడుకోండి గాని, పేర్లలో మా గేదెది కూడా వేయండి నాయనా" అందట.

ఫోను అద్దానికి 3,500 రూపాయలు అయింది. ఇరవై మందిమి గనక తలకు 175 పడుతుంది. నా వంతు ఇచ్చేశాను. ఇంకా పదిహేడు మంది ఇవ్వాలి, డబ్బు పాలకేంద్రం దగ్గర ఇవ్వవచ్చు.