ఓడ దిగినా, రైలు దిగినా అతిథి అతిథే

నెక్కొండ: విశాఖపట్నం రేవుకు విహార నౌకల రాక మొదలయింది. 2022 జూన్ 8న 'ఎంప్రెస్' అనే పెద్ద నౌక ప్రయాణికులతో అక్కడికి వచ్చింది. ఆ తరువాత ఇటువంటి ప్రయాణికుల కోసమే దాదాపు 96 కోట్ల రూపాయలతో ప్రత్యేక టెర్మినల్ నిర్మించి, 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. సముద్రానికి ఇంత దూరాన వున్న నెక్కొండ వాసులకు ఓడలతో ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. పని వుంది. ఒక్కరోజు కోసం వచ్చిన మనిషిని వూరు ఎలా చూసుకోవాలన్నది రేవుకైనా, రైల్వేస్టేషనుకైనా ఒకటే ప్రశ్న.

విహార నౌక అంటే నీళ్ళమీద తిరిగే హోటలు. పడక, స్నానం, భోజనం, వినోదం అన్నీ అందులోనే. సాధారణంగా ఉదయం రేవుకు చేరి, సాయంత్రమో రాత్రో బయలుదేరుతుంది. మధ్యలో దొరికే ఎనిమిది, తొమ్మిది గంటలే ప్రయాణికుడు ఆ వూరిని చూసేది. ఓడ కదలడానికి చాలా ముందే వెనక్కి రావాలి. సొంతంగా తిరగడానికి పోయినవాడు ఆలస్యం చేస్తే ఓడ ఆగదు. తరువాతి రేవుకు తన ఖర్చుతో తానే పోయి ఎక్కాలి.

అందుకే అతని కన్ను ఎప్పుడూ గడియారంమీదే వుంటుంది. విశాఖలో చూడదగ్గవి ఎన్నో వున్నాయి. రామకృష్ణా బీచి ఒడ్డున కురుసుర జలాంతర్గామి వుంది. 1969లో నౌకాదళంలో చేరిన ఈ నౌక 2001లో విధులు ముగించుకుని, 2002 నుంచి ప్రదర్శనశాలగా జనానికి కనువిందు చేస్తోంది. దగ్గరలోనే నౌకాదళపు టి.యు.142 విమానాన్ని చూడవచ్చు. కైలాసగిరి, తొట్లకొండ బౌద్ధారామం, సింహాచలం ఒక్కరోజులో చుట్టి రాగల దూరంలోనే వున్నాయి. బొర్రా గుహలు మాత్రం సుమారు 90 కిలోమీటర్లు, పైగా కొండదారి. మొదటిసారి వచ్చినవాడు అన్నిటికీ ఆశపడి ఏదీ సరిగా చూడలేడు. ఒక రేవును ఇష్టపడి మళ్ళీ మళ్ళీ వచ్చేవాడు రెండింటిని ఎంచుకుని, మిగిలిన సమయం సముద్రపు ఒడ్డున కూర్చుంటాడు. అతన్ని మళ్ళీ రప్పించేది కొత్త వింతలు కావు. కిందటిసారి ఆటోవాడు న్యాయమైన కిరాయి తీసుకున్నాడు, అడిగిన దారి ఎవరో ఓపికగా చెప్పారు అన్న జ్ఞాపకమే.

వూరికి మిగిలేది ఎంత?

ఓడ ప్రయాణికుడు గది అద్దెకు తీసుకోడు. చాలామంది భోజనం కూడా ఓడలోనే చేస్తారు. ఇక వూరికి దక్కేది వాహనాల కిరాయి, ప్రవేశ టికెట్లు, ఒక కొబ్బరిబొండాం, ఇంటికి పట్టుకుపోయే నాలుగు వస్తువులు. అతను ఒక జత ఏటికొప్పాక లక్కబొమ్మలు కొంటే అనకాపల్లి జిల్లాలోని చేతిపనివారి ఇంటికి నాలుగు డబ్బులు చేరతాయి. కాని అతని గంట బేరాలలో, వెతుకులాటలో గడిచిపోతే ఆ గంటలో రావలసిన డబ్బు వూరికి రానట్లే.

ఇప్పుడు రెండో అతిథి సంగతి చూడాలి. నెక్కొండ, కేసముద్రం చుట్టుపక్కల పల్లెలవారు వరంగల్ వెళ్ళి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతారు. తిరుగు గోదావరి మళ్ళీ అదే సాయంత్రం. 1974 నుంచి నడుస్తున్న ఈ రైలు ఎన్ని కుటుంబాలకు మొదటిసారి సముద్రాన్ని చూపించిందో లెక్కలేదు. మిర్చి అమ్మిన డబ్బు చేతికి వచ్చాక అప్పన్న మొక్కు తీర్చుకోవడానికీ, పిల్లలకు సముద్రం చూపడానికీ ఒక్కరోజు. ఓడ దిగినవాడికీ, ఈ రైతుకూ దొరికేది సరిగ్గా అంతే పొద్దు.

తేడా ఒకటే. ఓడవాడి స్నానం ఓడలోనే అయింది, సామాను గదిలో భద్రంగా వుంది. రైతు కుటుంబం చేతిలో సంచులతో, చంకలో నిద్రకళ్ళ పిల్లతో స్టేషను బయట నిలబడుతుంది. వారికి ముందుగా కావలసినది జలాంతర్గామి కాదు. స్నానానికి చోటు, సంచులు దాచుకునే చోటు, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి, సింహాచలం బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పే మనిషి. వీరు టిఫిను, భోజనం వూళ్ళోనే చేస్తారు. తలకు పెట్టే ఖర్చు తక్కువే అయినా, ఓడ ఏడాదిలో కొన్నిసార్లే వస్తుంది, రైలు రోజూ వస్తుంది. ఓడ ప్రయాణికుడికోసం కోట్లు పెట్టడం తప్పు కాదు. రైలు ప్రయాణికుడికోసం వేలు పెట్టడానికి వెనుకాడితేనే తప్పు.

ఓరుగల్లు రాజు నేర్పిన పాఠం

ఈ మర్యాద కొత్తగా నేర్చుకోవలసినది కాదు. సముద్రం లేని ఓరుగల్లునుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పాలకులు బలవంతంగా లాక్కునేవారు. ఆయన ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట యిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్ఫయి వంతులలో ఒక వంతు అని రాతిమీద చెక్కించాడు. ఏ సరుకుకు ఎంత అన్నది అందరికీ తెలిసేలా పెట్టాడు. కొన్ని దశాబ్దాల తరువాత వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఆ రేవును గురించీ, అక్కడి సన్నని బట్టల గురించీ రాశాడు. వచ్చినవాడికి భయం లేకపోతేనే రేవుకు పేరు వస్తుందని ఆ రాజుకు తెలుసు. ఆటోస్టాండులో కిరాయిల బోర్డు పెట్టడం అటువంటి శాసనమే.

ఒక్కరోజు అతిథులు ఎక్కువైతే వూరికే చేటు అనేవారూ వున్నారు. అందులో నిజం లేకపోలేదు. అదే వెనిస్ నగరం 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడలను నడిబొడ్డు జలమార్గంలోకి రానివ్వడం మానింది. 2024లో పగటిపూట చూసి పోయేవారినుంచి కొన్ని ప్రత్యేక దినాలలో అయిదు యూరోల రుసుం వసూలు చేయడం మొదలుపెట్టింది. జనం కిటకిటలాడే చిన్న దీవుల నగరానికి అది అవసరం కావచ్చు. వరంగల్ జిల్లా ముందున్నది అతిథులు ఎక్కువైన బాధ కాదు, వచ్చినవారిని నిలుపుకోలేని బాధ.

ఇక్కడ చేయవలసింది

2021 జూలై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అది చూడటానికి వచ్చేవారిలో చాలామంది ఒక్కరోజు అతిథులే. అదే గణపతిదేవుని కాలపు పాకాల చెరువుకు నెక్కొండలో రైలు దిగి, నర్సంపేట మీదుగా పోవచ్చు. దిగినవాడికి పాకాల దారి, బస్సు వేళలు, ఆటో కిరాయిలు మూడు భాషలలో కనబడాలి. నీళ్ళున్న మరుగుదొడ్డి, ఆడవారు కూర్చునే నీడ వుండాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి కారాన్ని చిన్న పొట్లాలుగా కట్టి అమ్ముకోవడానికి మహిళా సంఘాలకు స్టేషను దగ్గర ఒక బల్ల చోటివ్వాలి. ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువగా వుండే ఆ కారం ఎవరైనా ఇష్టంగా కొనుక్కుపోతారు.

వీటికి కోట్లు అక్కరలేదు. రైల్వే, ఆర్టీసీ, స్థానిక సంస్థలు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఆటోలవారూ, దుకాణదారులూ కూడా తమ వంతు చేయాలి. ఒకరోజు ఎక్కువ గుంజితే ఆ రోజుకే లాభం. న్యాయంగా తీసుకుంటే వచ్చే ఏడు అదే మనిషి పదిమందిని వెంటబెట్టుకు వస్తాడు. సంబంధిత అధికారులు ఇకనైనా ఈ విషయంపై దృష్టి సారించవలసిన అవసరం వుంది.